పాటిదిబ్బ ఈశాన్యం మూల

"హోమగుండం! హోమగుండం దొరికిందండీ!" అని బాలగంగాధరం గారు కేకేసేసరికి ఎలీసమ్మ జల్లెడ కింద పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుని, గుంట అంచుకొచ్చి తొంగి చూసింది. చూసి నెత్తి కొట్టుకుంది.

జానెడు లోతు గుంట. చుట్టూ కాలి ఎర్రబడ్డ మట్టి, లోపల బూడిద, పక్కన ఓ కుండ పెంకు. ఆయన అందులో గొంతుక్కూచుని ఆ బూడిదని కుంచెతో తుడుస్తున్నాడు, ఒక రేణువు కూడా నొచ్చుకోకూడదన్నట్టు.

"హోమగుండం కాదు మేస్టారండీ, దాలిగుంటండి. పిడకలు రాజేసి పాలకుండ పెట్టి, పొద్దుటేల నించి సాయంత్రం దాకా మగ్గనిచ్చేది. మీ అమ్మగారి పెరట్లో లేదాండి?"

"ఉండేదండీ," అన్నాడాయన సిగ్గుపడుతూ. "కానీ ఎప్పుడు చూసినా దానిమీద కుండ ఉండేది. ఉత్త గుంటని నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఆయ్. మరదేనండి," అని ఎలీసమ్మ మళ్ళీ జల్లెడ దగ్గరికి పోయింది.

ఏం చెప్పమంటారు! ఆయన పుట్టింది వేదం చదువుకున్న ఇంట్లో. ఆ ఇంట్లో మగవాళ్ళకి గుంటంటే హోమగుండమే, రాయంటే దేవుడే. పెద్ద చదువులు చదివి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, ఈ దిబ్బ కింద ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి పల్లెటూరు ఉందని కనిపెట్టుకుని వచ్చేడు. బాగానే ఉంది. కనిపెట్టినవాడికి పొయ్యేదో యజ్ఞమేదో తెలియకపోతే ఎలా? మొన్న వడ్లు దంచుకునే రోలుని చూసి దీపస్తంభం పాదం అన్నాడు. అంతకు ముందు వలకి కట్టే మట్టిగుండ్లని పిల్లల ఆటవస్తువులని రాసుకున్నాడు. చెబితే మాత్రం కొట్టేసి మళ్ళీ రాసుకుంటాడు, అదొక్కటి మెచ్చుకోవాలి. చెప్పినా దిద్దుకోని చదువుకున్నవాళ్ళని ఎలీసమ్మ తన అరవై ఏళ్ళలో చాలామందినే చూసింది.

పంతొమ్మిది వందల ఎనభై మూడు, మే నెల. ఊరు ఏటిమెరక, రాజోలుకి దిగువన, గోదారి గట్టు పక్కన. ఊరికి ఉత్తరాన కొబ్బరితోటల మధ్య బాపిరాజు గారి రెండెకరాల దిబ్బ ఉంది. దాన్ని పాటిదిబ్బ అంటారు. ఎప్పటి జనమో కాపురాలుండి పోయిన చోటు, వాళ్ళ బూడిదా పేడా చెత్తా మగ్గి నల్లమన్నయిపోయింది. ఏటా వేసవికి ఆ మన్ను బళ్ళకెత్తి కొబ్బరిచెట్ల మొదళ్ళకి పోస్తారు, దాన్ని మించిన ఎరువు లేదు. పేరూ ఊరూ తెలియని ఆ ముత్తవ్వల పొయ్యి బూడిదతో కాసిన కాయల్నే ఏటిమెరక జనం పచ్చడి నూరుకు తింటున్నారన్నమాట. పోయినేడు మన్ను తీస్తుంటే గోడ వరసలూ కుండలూ బయటపడ్డాయి. కబురు ఆ నోటా ఈ నోటా పడి బాలగంగాధరం గారికి చేరింది. ఆయన అనుమతి కాయితాలు పట్టుకుని, మేకులూ పురికొసా కుంచెలూ వేసుకుని దిగేడు.

ఎలీసమ్మ ఊరి మంత్రసాని. వాళ్ళ అమ్మమ్మా మంత్రసానే. రాజుల వీధిలో గానీ, చర్చి వెనక తన పేటలో గానీ, నలభై ఏళ్ళుగా ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనీ ముందు పట్టింది ఆవిడ చేతులే. ఈమధ్య ఆసుపత్రీ నర్సమ్మా వచ్చి కాన్పులు తగ్గేయి. "పోన్లే, నా నడుం బతికింది," అనుకుంది గానీ కుళ్ళుకోలేదు. కొడుకు జోజి బళ్ళో మేస్టరు, ఇంట్లో తిండికి లోటు లేదు. "ఈ ఎండలో మన్ను జల్లించే ఖర్మేవిటే అమ్మా నీకు? నలుగురూ నన్ను ఏమనుకుంటారు?" అని రోజూ సణుగుతాడు. "అనుకున్నవాళ్ళందర్నీ నేనే పుట్టించేన్లే," అని ఆవిడ తలగుడ్డ చుట్టుకుని దిబ్బెక్కేస్తుంది.

ఆవిడ వెళ్ళేది కూలికి కాదు. ఈశాన్యం మూలకి కాపలా వెళ్ళేది. ఆ మూల మొగలిపొద పక్కన రెండు మూరల లోతులో ఒక కుండ ఉంది. అది ఏడొందల ఏళ్ళ నాటిది కాదు. యాభైమూడు వరదలో ఎలీసమ్మ తన చేతుల్తో పాతిన కుండ.

ఆ ఏడు గట్టు తెగి ఊళ్ళోకి నీళ్ళొస్తే జనమంతా గొడ్డూ గోదాతో సహా పాటిదిబ్బ ఎక్కేశారు. బాపిరాజు గారు నరసాపురం పెళ్ళికి వెళ్ళి, పడవలాగిపోయి, అవతలి ఒడ్డునే చిక్కడిపోయేరు. ఆయన భార్య రాజ్యానికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు, ఏడో నెల. పురిటికి తీసుకెళ్ళాల్సిన పుట్టింటివాళ్ళకీ దారి లేకపోయింది. తాటాకుల చాటున, వానలో, ఎలీసమ్మ ఒక్కర్తీ పట్టింది. ఆడపిల్ల. చారెడంత ఉంది. మూడు గంటలు బతికింది.

రాజ్యం అత్తగారు గడుసు మనిషి. "కడుపు పోయిందని చెబుదాం. పుట్టిందనీ పోయిందనీ వాడికి రెండు దిగుళ్ళెందుకు? తీసుకెళ్ళి వరదలో వదిలెయ్యి," అంది. "ఆయ్," అంది ఎలీసమ్మ. అత్తగారు అటు తిరగ్గానే రాజ్యం ఎలీసమ్మ చెయ్యి పట్టేసుకుంది. "నీళ్ళలో వద్దే ఎలీసమ్మా. దానికి చలేస్తుంది," అంది.

అంతే. అమ్మమ్మ నేర్పినట్టే చేసింది. మెత్తటి గుడ్డలో చుట్టి, కాళ్ళు మడిచి, కుండలో పడుకోబెట్టి, మూకుడు మూసింది. అవతల ఏ తల్లైనా జాలిపడి పాలు పడుతుందని పక్కన ఉగ్గుగిన్నె పెట్టాలంటారు. రాజ్యం తన సారెపెట్టెలోంచి వెండిది తీసిచ్చింది.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని సామెత. పట్టడం ఒక్కటే అయితే ఎలీసమ్మకి చింతేవుంది? పట్టినదాన్ని నోట్లో దాచుకోవడమే చావు. అత్తగారు పోయింది, వరద కథ పాతబడిపోయింది, ముప్పయ్యేళ్ళుగా ఎలీసమ్మ ఆ సంగతి ప్రార్థనలో ప్రభువుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడీ కుంచె మేస్టారు దాన్ని తవ్వితే ఏవవుతుంది? పసిగుడ్డు ఎముకలంటే పోలీసులు, పోలీసులంటే ఊరి నోళ్ళు. అన్నీ అయ్యేక ఈయన దానికో నంబరు వేసి, దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టుకు పోతాడు. రాజ్యమ్మకి ఆ మూల కూడా మిగలదు. పుట్టలేదని చెప్పిన పిల్ల ముప్పయ్యేళ్ళ తర్వాత పోయిందని మళ్ళీ ఏడవాలి, అదీ ఎవరికీ తెలియకుండా.

ఇది చాలదన్నట్టు బాపిరాజు గారొకరు. పొద్దున్నే గొడుగేసుకుని, కుర్చీ వేయించుకుని, దిబ్బ మీద కూచుంటారు. కూచుని గంటకోసారి, "మేస్టారూ, ఆ ఈశాన్యం మూల ఎప్పుడండీ?" అంటారు.

"వరస ప్రకారం వస్తామండి రాజుగారూ," అంటాడు బాలగంగాధరం.

"వరసదేముందండీ! పెళ్ళి బంతా ఏవిటి?"

ఈయనకి ఆ మూల మీద అంత ధ్యాస ఎందుకో ఎలీసమ్మకి అంతు చిక్కలేదు. ఓ మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళేక ఆయనే దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పేరు.

"ఎలీసమ్మా, నీ దగ్గర దాపరికం ఏవిటి గానీ, అక్కడ లంకెబిందెలున్నాయి."

"ఎవరు చెప్పేరండి?"

"ఒకరు చెప్పాలా? నాగులచవితికి ఊరంతా పుట్టలో పాలు పోస్తారు కదా. మా రాజ్యం మాత్రం వంటరిగా వెళ్ళి ఆ మూల పోసొస్తుంది. అక్కడ పుట్టే లేదు! నేను చాటునించి చూసేను, ఒక్క ఏడు కాదు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎవరికి పోస్తుందంటావ్? బిందెలకి చుట్టుకున్న పాముకి! మా అమ్మ అప్పుడే కోడలికి చెప్పి ఉంటుంది. కొడుకు నోట్లో నువ్వుగింజ నానదని నాకు చెప్పలేదు."

ఎలీసమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి అమ్మగారినే అడక్కపోయేరాండి?"

"అడిగితే దోషం. కాపలా ఉన్నవాళ్ళు నోరు విప్పకూడదు. నేను తవ్వినా దోషమే, రక్తం కక్కుకుంటామట. అందుకే కదా వేదం చదువుకున్న ఇంటి పిల్లాడు వస్తానంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నది! ఆయనకి మంత్రం వచ్చుగా, ఏవీ అంటదు. సర్కారు వాటా సర్కారుకీ, మన వాటా మనకీ."

ప్రభువా, నాకు ఓర్పన్నా ఇయ్యి, వీళ్ళకి బుద్ధన్నా ఇయ్యి, అనుకుంది ఎలీసమ్మ. మింగలేక కక్కలేక ఆ పూటంతా జల్లెడ మీద కసి తీర్చుకుంది.

సాయంత్రం తిన్నగా రాజుగారింటి పెరట్లోకి పోయింది. రాజ్యం తులసికోట దగ్గర కూచుని మల్లెమొగ్గలు కడుతోంది. నలభై ఎనిమిదేళ్ళకే జుట్టు సగం నెరిసిపోయింది.

"అమ్మగారండీ, రెండ్రోజుల్లో ఆ మూలకొచ్చేస్తారు. నేను పాములున్నాయని చెప్పేను, ముళ్ళని చెప్పేను. ఆ మేస్టారు బూట్లేసుకొచ్చేడు. మీరు రాజుగారికి ఒక్క మాట చెప్పేయండి."

రాజ్యం చేతిలో దండ అలాగే ఆగిపోయింది. "ఎలా చెప్పనే? ఆయన ఇంటికొచ్చి 'ఏం జరిగింది' అని అడిగితే కడుపు పోయిందన్నాను. మొహం మీద మొహం పెట్టి అబద్ధమాడేను. ఇన్నేళ్ళకి ఇప్పుడు చెబితే నన్ను ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారా! ఇప్పుడు ఏమనుకుంటున్నారో తెలిస్తే..." అని పళ్ళు నూరుకుంది ఎలీసమ్మ. చెప్పలేకపోయింది. పిల్లకి పోసిన పాలు పాముకనుకుంటున్నాడని ఏ నోటితో చెబుతుంది? రాజ్యం ఏడుపు మొదలెట్టింది. ఏడుపుకి ముప్పయ్యేళ్ళు సరిపోలేదు కాబోలు. ఎలీసమ్మకి జాలేసింది, అంతకి రెట్టింపు ఒళ్ళు మండింది. నొప్పులు పడే మనిషినైతే గదమాయించి కాన్పు చేయించొచ్చు, మాటని ఎలా చేయిస్తాం?

మర్నాడు దిబ్బెక్కేసరికి ఈశాన్యం మూల నాలుగు మేకులు కొట్టి, పురికొస లాగి, ముగ్గు గీసి ఉంది. మొగలిపొద కొట్టేశారు.

"అన్నాలయ్యేక మొదలెడదామండి. ముందీ గడప పని తేల్చేస్తాను," అన్నాడు బాలగంగాధరం. పక్క గుంటలో ఆ పాతకాలపు ఇంటి నేల బయటపడింది. అలికిన నేల, పొరల మీద పొరలు, కాపురం చేసినన్నాళ్ళూ అలికినట్టున్నారు. గోడ పక్కన చుట్టకుదురు, దానిమీద నిలబెట్టిన నీళ్ళకుండ అడుగు, ఓ పగిలిన గాజు. వాకిట్లోకి దిగే గడప రాయి పక్కనే నేలలో చిన్న గుండ్రటి మచ్చ. ఆయన కుంచెతో తుడుస్తూ పోతే మూకుడు అంచు కనిపించింది. మూకుడు కింద కుండ.

బాపిరాజు గారు కుర్చీలోంచి లేచిన లేవడానికి గొడుగు ఎగిరి గుంటలో పడింది. "బిందె! మేస్టారూ, బిందె! నే చెప్పలే?" అంటూ ఆ వయసులో గుంటలోకి దూకేశారు.

బాలగంగాధరం మూకుడు మెల్లగా ఎత్తేడు. లోపల నిండా మన్ను. చెంచాతో కొద్దికొద్దిగా తీసేడు. రెండు నీలం పూసలు. తర్వాత మూతికి చిన్న తొండం ఉన్న అరచేతిలో పట్టే మట్టిగిన్నె. దాని పక్కన పిట్ట ఎముకలంత సన్నటి ఎముకలు. పిట్టవి కాదని తెలుస్తూనే ఉంది.

బాపిరాజు గారి ముఖంలో బంగారం దిగిపోయింది. బాలగంగాధరం కాయితం తీసి, నెమ్మదిగా అన్నాడు: "బలి అయి ఉంటుందండి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు గడప కింద..."

"మేస్టారండీ!"

అది ఎలీసమ్మ గొంతేనని ఎలీసమ్మకే తెలియలేదు. జల్లెడ విసిరేసి గుంటలోకి దిగిపోయింది.

"దాలిగుంటని హోమగుండం అన్నారు, ఊరుకున్నాను. రోలుని దేవుడి దీపం అన్నారు, ఊరుకున్నాను. దీన్ని బలంటే మాత్రం ఊరుకోనండి! బలిచ్చేవాళ్ళు ఉగ్గుగిన్నె పెడతారా? పూసలు కడతారా? ఆ కాళ్ళు చూడండి, కడుపులో ఉన్నప్పటిలాగే మడిచి పడుకోబెట్టేరు. నొప్పి తగలకుండా పట్టడం తెలిసిన చెయ్యండి అది. గడప కిందెందుకంటారా? తల్లి రోజుకి పదిసార్లు ఆ గడప దాటుతుంది గనక! దూరంగా పెట్టడానికి మనసొప్పక పెట్టుకుందండి, మనసొప్పక!"

బాలగంగాధరం కలం ఆగిపోయింది. "మీకెలా తెలుసండీ ఇదంతా?" అన్నాడు. ఎదురాడ్డానికి కాదు పాపం, నిజంగా తెలుసుకుందామనే.

"నేనూ పెట్టేను గనక!"

అనేసింది. ముప్పయ్యేళ్ళ తాళం కోపంలో ఊడిపోయింది. నాలిక కరుచుకుంది గానీ ఏం లాభం? నోరు మూసుకున్నా కళ్ళు ఊరుకోలేదు, ఈశాన్యం మూల మేకుల మీదికి పోయేయి. బాపిరాజు గారు ఆ చూపు వెంటే చూసేరు. మళ్ళీ మేస్టారి చేతిలో ఉన్న మట్టిగిన్నెని చూసేరు.

"మా ఇంట్లో వెండిదుండేది," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "ఆ తర్వాత పెద్దాడు పుట్టినప్పుడు ఇల్లంతా వెతికేం. వరదలో కొట్టుకుపోయింది అంది రాజ్యం."

ఎలీసమ్మ తల దించుకుంది.

"ఎలీసమ్మా, కడుపు పోయిందన్నారు కదే."

"మీ అమ్మగారన్నారండి. నేననలేదు."

"బతికిందా?"

"మూడు గంటలండి."

"ఎవరు?"

"ఆడపిల్లండి. నుదురు మీదేనండి."

ఆయన గుంట గోడ పట్టుకుని పైకెక్కడానికి రెండుసార్లు జారిపోయేరు, బాలగంగాధరం చెయ్యందించేడు. తిన్నగా ఈశాన్యం మూలకి నడిచి, ఒక మేకు పట్టుకుని ఊపేరు. రాలేదు. రెండు చేతులా పట్టుకుని పీకేరు. రెండోది పీకుతుంటే మేస్టారు వెళ్ళి, తనే మిగతా రెండూ పీకేసి, పురికొస చేతికి చుట్టేసుకున్నాడు. "ఇటు తవ్వడం లేదండి," అన్నాడు. ఆ మాట పుస్తకంలో కూడా రాసుకున్నాడు.

ఎలీసమ్మ గుంటలోనే నిలబడి ఉంది. "మరి దీన్నేం చేస్తారండి?" అంది, గడప పక్క కుండని చూపించి.

"తీసుకెళ్ళాలండీ. తప్పదు. నంబరు వెయ్యాలి."

"వేసుకోండి. గిన్నె మాత్రం ఇంకో పెట్టెలో పెట్టకండి. పక్కనే ఉంచండి."

"ఉంచుతానండీ, ఎలీసమ్మగారూ," అన్నాడాయన. బలి అని రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, ఏం రాయాలో తెలియక అలాగే ఖాళీగా వదిలేశాడు.

బాపిరాజు గారు గొడుగు మర్చిపోయి ఎండలోనే ఇంటిదారి పట్టేరు. ఎలీసమ్మ గుంటలోంచి ఆ గొడుగు తీసుకుని పైకొచ్చింది. ఆయన వెళ్ళి రాజ్యమ్మని ఏవంటారో! అబద్ధమాడేవంటారా? అత్తతో కూడబలుక్కున్నావంటారా? గొడుగు వంక పెట్టుకుని వెనకాలే పరిగెత్తింది. పెరటి తడిక దగ్గరికి చేరి ఆగిపోయింది.

రాజ్యం నూతి దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఆయన మట్టికాళ్ళతో ఎదురుగా నిలబడ్డారు. నిలబడ్డారు, నిలబడ్డారు. ఎలీసమ్మకి తడిక విరిచెయ్యాలనిపించింది. ఒక్క మాట! ఏదో ఒక మాట అని చావండయ్యా!

"ముప్పయ్యేళ్ళు నువ్వు పాలు పోస్తుంటే చాటునుంచి చూసేను," అన్నారాయన చివరికి. "పాముకనుకున్నానే."

రాజ్యం చేతిలో చెంబు జారి నూతి చప్టా మీద దొర్లింది. ఆవిడ దాన్ని అందుకోలేదు. ఆయనే వంగి, తీసి, గట్టు మీద పెట్టి, ఆవిడ పక్కన ఆ తడిలోనే చతికిలబడ్డారు.

"పేరేవైనా పెట్టేవా?" అని అడిగేరు.

రాజ్యం తలూపింది. ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది.

ఎలీసమ్మకి వినపడలేదు. చూసేరా! వానలో తడుస్తూ పట్టింది తను, గుండెల్లో పెట్టుకుని పాతింది తను, ముప్పయ్యేళ్ళు నోరు కట్టుకుంది తను. పిల్లకి పేరుందని ఒక్కనాడన్నా తనకి చెప్పిందా ఈ మనిషి? తను ప్రార్థనలో ఇన్నేళ్ళూ "ఆ పిల్ల, ఆ పిల్ల" అనే అనుకుంటోంది! ఒళ్ళు మండింది. కళ్ళు కూడా మండి, చెంగు తడిసిపోయింది.

అడగలేదు. గొడుగు తడికకి తగిలించి, జల్లెడ దిబ్బ మీదే పారేసొచ్చిన సంగతి గుర్తొచ్చి, ఇద్దర్నీ తిట్టుకుంటూ వెనక్కి నడిచింది.